విశాఖలో పాత వాయిద్యాలు కొని అమ్మే పని: ఎక్కడ బెడిసికొడుతుంది, ఎలా సరిచేసుకోవాలి

ఉద్యోగం చేసుకుంటూనే ఆదివారాలు పాత గిటార్లు, కీబోర్డులు, అప్పుడప్పుడు వీణలు కొని, బాగుచేసి అమ్ముతుంటాను. కొత్తగా దిగేవాళ్లు ముందుగా అడిగేది ఎలా అమ్మాలని. నేను చూసినంతలో నష్టం కొనే రోజే ఖాయమైపోతుంది. పైగా మనది సముద్రం ఒడ్డు. లాసన్స్ బే కాలనీలో కిటికీ పక్కన రెండేళ్లు వేలాడిన గిటారు ఫొటోలో మెరుస్తూనే ఉంటుంది. చేతిలోకి తీసుకుంటే ట్యూనింగ్ కీలు తుప్పుతో బిగుసుకుపోయి కనిపిస్తాయి. అందుకే ఫొటో చూసి అడ్వాన్సు పంపకండి.

గిటారు తీగలు పైకి లేచాయి, నొక్కితే వేళ్లు మండుతున్నాయి

ఎక్కువగా రెండు కారణాలు. నెక్ (చేత్తో పట్టుకునే పొడవాటి కాడ) ముందుకు వంగి ఉంటుంది, లేదా బ్రిడ్జ్ (బాడీ మీద తీగలు కట్టే చెక్క) కింద జిగురు వదిలేసి ఉంటుంది. ఏదో తేల్చుకోకుండా బేరం మొదలుపెట్టకండి.

లావు తీగను మొదటి ఫ్రెట్ (నెక్ మీద అడ్డంగా ఉండే లోహపు గీత) దగ్గర ఒక చేత్తో, బాడీ మొదలయ్యే 14వ ఫ్రెట్ దగ్గర ఇంకో చేత్తో నొక్కి పట్టండి. ఇంకొకరిని 7వ ఫ్రెట్ మీద తీగ కింద విజిటింగ్ కార్డు పెట్టమనండి. కార్డు తీగను తాకీ తాకనట్టు పడితే నెక్ బాగున్నట్టే. వదులుగా ఆడితే వంగిందని అర్థం. తర్వాత అదే కార్డు మూలని బ్రిడ్జ్ వెనక అంచు కింద దూర్చి చూడండి. దూరిందంటే జిగురు వదిలేసింది.

నెక్ వంగితే ట్రస్ రాడ్ (వంపు సరిచేయడానికి నెక్ లోపల ఉండే లోహపు కడ్డీ) ఉందేమో చూడాలి. దాన్ని తిప్పే చివర సౌండ్ హోల్ లోపలో, తల దగ్గర చిన్న మూత కిందో ఉంటుంది. తీగలు కాస్త వదులు చేసి, అలెన్ కీతో కుడివైపుకి పావు చుట్టు తిప్పి, మళ్లీ శ్రుతి చేసి చూడండి. చాలకపోతే మర్నాడు ఇంకో పావు చుట్టు. ఒక్కసారే బిగిస్తే రాడ్ తెగుతుంది. ట్రస్ రాడ్ లేని చవక గిటారు నెక్ వంగితే ఎంత తక్కువకి ఇచ్చినా వద్దు.

బ్రిడ్జ్ లేస్తే పాత జిగురంతా గీకేసి, చెక్కకు వాడే జిగురు పెట్టి, క్లాంపుతో ఒక రోజంతా బిగించి ఉంచాలి. మొదట్లో నేను చిటికెలో అతికే గమ్ము వాడాను. వారానికే బ్రిడ్జ్ ఊడింది, ఊడుతూ పై చెక్క పొరని కూడా పెకలించుకొచ్చింది. కొన్న అబ్బాయికి డబ్బు పూర్తిగా తిరిగిచ్చేశాను. చెక్క పని రాకపోతే తెలిసినవాళ్లకే ఇవ్వండి.

కీబోర్డులో కొన్ని కీలు పలకవు, కొన్ని ఒక్కసారిగా గట్టిగా మోగుతాయి

కీల కింద కార్బన్ చుక్కలున్న రబ్బరు పట్టీలు ఉంటాయి. వాటి మీద దుమ్ము, చెమ్మ చేరితే కాంటాక్ట్ సరిగ్గా అందదు. వెనక స్క్రూలు విప్పి, పట్టీని తీసి, ఇయర్ బడ్‌కి ఐసోప్రొపైల్ ఆల్కహాల్ అద్ది, కార్బన్ చుక్కల్నీ బోర్డునీ మెల్లగా తుడిచి ఆరనివ్వండి. గరుకు కాగితం మాత్రం తగలనివ్వకండి, కార్బన్ పొర లేచిపోతుంది.

కొనేటప్పుడు 61 కీలూ ఒక్కొక్కటిగా, ఒకసారి మెల్లగా ఒకసారి గట్టిగా నొక్కి చూడాలి. అమ్మేవాళ్లు విసుక్కున్నా ఫర్వాలేదు. బ్యాటరీల మూత తీసి చూడండి, లోపల తెల్లటి, పచ్చటి పొడి ఉంటే బ్యాటరీలు కారాయి. అడాప్టర్ కూడా చూసుకోవాలి. పాత క్యాసియోల్లో చాలావాటికి పిన్ను మధ్యభాగం నెగెటివ్, యమహాలకు పాజిటివ్. పిన్ను పట్టింది కదా అని ఒకదానిది ఇంకోదానికి పెడితే బోర్డు పోవచ్చు. కీబోర్డు వెనక ముద్రించిన గుర్తు చూసి పెట్టండి.

వీణ కొన్ని మెట్ల మీద అపస్వరం పలుకుతోంది

వీణ మీద తీగను నొక్కి వాయించే 24 మెట్లు మైనంలో కూర్చి ఉంటాయి. ఎండలో నిలిపిన కారులో పెట్టినా, వేడి తగిలే గోడకి ఆనించినా మైనం మెత్తబడి మెట్టు ఒరుగుతుంది. కంటికి తేడా కనిపించదు, చెవికి తెలుస్తుంది. దీన్ని ఇంట్లో సరిచేయాలని చూడకండి. మేళం మళ్లీ కట్టించాలి, అంటే మెట్లన్నీ మైనంలో తిరిగి శ్రుతికి కూర్పించాలి. అది చేయి తిరిగినవాళ్ల పని. బొబ్బిలి దగ్గర గొల్లపల్లిలో వీణలు చేసే కుటుంబాలు ఉన్నాయి, ఇక్కణ్ణుంచి వంద కిలోమీటర్ల పైమాటే. ఆ ఖర్చు, రానూపోనూ దారిఖర్చు కలుపుకునే ధర చెప్పండి.

ఊళ్లో ఏ పాత వీణనైనా బొబ్బిలి వీణ అనే అమ్ముతారు. ఏకాండి వీణంటే ఒకే పనస దుంగ నుంచి తొలిచింది. కుండ (గుండ్రటి భాగం), దండి (పొడవాటి కాడ) కలిసేచోట వేలితో తడిమి, వెలుతురులో చూడండి. అతుకు గీత కనిపిస్తే ఏకాండి కాదు. అతుకు వీణలు తక్కువవని కాదు, ధర వేరు.

మరీ పాత వీణల మీద తెల్లని నగిషీ ఉంటే ఆగండి. ఏనుగు దంతమో జింక కొమ్మో అయితే 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద దాని క్రయవిక్రయాలు నేరం. అనుమానం ఉన్నదాన్ని ముట్టుకోకండి.

పెదవాల్తేరులో ఒక మామ్మగారు పాత పట్టుచీరలో చుట్టిన వీణ విప్పి చూపించారు. బిరడాల (తీగలు బిగించే పిడుల) చుట్టూ తీగలు నల్లబడి ఉన్నాయి. డబ్బు లెక్కపెట్టుకోకుండానే, "బాబూ, వాయించేవాళ్లకే ఇస్తావు కదా?" అన్నారు. "ఇస్తాను మామ్మగారూ" అన్నాను. మూడు నెలలు ఆగి, నేర్చుకుంటున్న పిల్లకే ఇచ్చాను. ఈలోగా షోకేసులో పెట్టుకుంటామని ఎక్కువ ఇవ్వజూపినవాళ్లు వచ్చారు. ఇవ్వలేదు.

సరుకు కదలడం లేదు

ఎండాకాలం సెలవుల ముందు పిల్లల కోసం గిటార్లు, కీబోర్డులు అడుగుతారు. విజయదశమికి వీణ, వయొలిన్. వేళ తప్పి కొన్నది ఇంట్లో చెమ్మ పీల్చుకుంటూ కూర్చుంటుంది. ఒకేసారి ఐదుకి మించి పెట్టుకోకండి.

డబ్బు పంపామంటారు, ఖాతాలో పడలేదు

మన ఊళ్లో నేవీ వాళ్లు ఎక్కువ కాబట్టి మోసగాళ్లు ఆ పేరే వాడుకుంటారు. "షిప్‌లో డ్యూటీలో ఉన్నాను సార్, మా మనిషి వచ్చి తీసుకెళ్తాడు" అంటూ క్యూఆర్ కోడ్ పంపి, స్కాన్ చేసి పిన్ కొట్టమంటారు. డబ్బు రావడానికి పిన్ అక్కర్లేదు. పిన్ కొట్టారంటే మీ డబ్బు పోతుంది. పోతే ఆ క్షణమే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. మెసేజీని, స్క్రీన్‌షాట్‌నీ నమ్మకుండా బ్యాంకు యాప్‌లో చూసుకున్నాకే వాయిద్యం చేతికివ్వండి.

కొన్నది దొంగసొత్తని తేలింది

మంచి గిటారు సగానికి సగం ధరకి, అదీ కవరు లేకుండా వస్తే అడగాల్సింది అడగండి. బిల్లు లేకపోతే వాళ్ల గుర్తింపు కార్డు ఫొటో, సీరియల్ నంబరు, "ఇది నా సొంతం, ఇంతకి అమ్మాను" అని సంతకం, తేదీ తీసుకోండి. తెలిసి దొంగసొత్తు కొంటే భారతీయ న్యాయ సంహిత 317వ సెక్షను వర్తిస్తుంది. కాగితం ఇవ్వనంటే వచ్చేయండి.

లాభం వచ్చినట్టే ఉంది, చేతిలో డబ్బు లేదు

కారణం చిన్న ఖర్చులు. 4,000కి కీబోర్డు కొని 5,200కి అమ్మాను, 1,200 మిగిలిందనుకున్నాను. గాజువాకకి రెండుసార్లు పెట్రోలు 200, అడాప్టర్ 450, క్లీనింగ్ సామాను 100. మిగిలింది 450, అదీ రెండు ఆదివారాల పనికి. అప్పటినుంచి ప్రతి వాయిద్యానికి నోటుపుస్తకంలో ఒక పేజీ. ఏడాదికి మిగిలింది ఆదాయపు పన్ను రిటర్నులో చూపిస్తాను. రాష్ట్రం లోపలే అమ్ముకుంటూ ఏడాది అమ్మకాలు 40 లక్షల లోపుంటే జీఎస్‌టీ రిజిస్ట్రేషన్ మామూలుగా అవసరం పడదు.

కొనడానికి బయల్దేరే ముందే వెనక్కి లెక్క వేయండి. ఎంతకి అమ్ముడుపోతుందో రాసి, అందులోంచి మరమ్మతు, పెట్రోలు, మీ కూలి తీసేయండి. మిగిలిన అంకె మీరు ఇవ్వగలిగిన గరిష్ఠ ధర. అది దాటి అడిగితే నమస్కారం పెట్టి వచ్చేయండి.