చరిత్ర పత్రాలు చదవడం నేర్చుకుందాం – 4వ పాఠం: మూడో గడి

పోయిన పాఠంలో 1820 నాటి మిస్సోరీ రాజీ చదివాం. ఈసారి, బానిసత్వం లేని ఉత్తరాది రాష్ట్రాలకూ అది ఉన్న దక్షిణాది రాష్ట్రాలకూ మధ్య తగాదా తీర్చడానికి అమెరికా కాంగ్రెస్ 1850లో కుదుర్చుకున్న రాజీ.

కాగితం మీద రెండు గళ్లు గీయండి: ఉత్తరాది, దక్షిణాది. కాలిఫోర్నియా బానిసత్వం లేని రాష్ట్రంగా చేరింది. అది ఉత్తరాది గడిలో రాయండి. వాషింగ్టన్‌లో బానిసల వ్యాపారం నిషేధించారు, అదీ అక్కడే. కానీ ఆ మాట మళ్లీ చదవండి. ఆగింది వ్యాపారం, బానిసత్వం కాదు. ఇలాంటి తేడా దగ్గర పెన్సిల్‌తో గీత పెట్టడం అలవాటు చేసుకోండి. దక్షిణాది గడిలో, పారిపోయిన బానిసల చట్టం, అంటే వాళ్లను పట్టుకుని యజమానికి అప్పగించే చట్టం.

ఇప్పుడు మూడో గడి గీయండి. ఈ బేరం ఎవరి గురించో, అది వాళ్ల గడి. అప్పటికి దాదాపు 32 లక్షల మంది బానిసలుగా ఉన్నారు. ఈ గడి నింపాలంటే పారిపోయిన బానిసల చట్టం పేరు చూస్తే చాలదు, సెక్షన్లలోకి దిగాలి.

6వ సెక్షన్: పారిపోయాడని పట్టుకొచ్చిన మనిషి సాక్ష్యం చెల్లదు. అంటే 'నేను బానిసను కాను' అని అతను చెప్పుకోవడానికే లేదు. జ్యూరీ కూడా లేదు. 7వ సెక్షన్: అతన్ని దాచినవాళ్లకు 1,000 డాలర్ల దాకా జరిమానా, ఆరు నెలల దాకా జైలు. 8వ సెక్షన్: మనిషిని యజమానికి అప్పగిస్తే కమిషనర్‌కు (ఇలాంటి కేసులు తేల్చే అధికారికి) 10 డాలర్ల ఫీజు, వదిలేస్తే 5. అప్పగిస్తే కాగితాల పని ఎక్కువని చట్టాన్ని సమర్థించినవాళ్లు చెప్పిన కారణం. నాకు మాత్రం ఈ ఒక్క అంకె దగ్గరే చట్టం ఎటు మొగ్గిందో తెలిసిపోతుంది. ఇద్దరు తగాదా తీర్చుకుని ఖర్చు మూడోవాడి బతుకు మీద వేశారు.

ఓట్లూ చూడాలి. సెనేటర్ హెన్రీ క్లే ఈ రాజీలోని అంశాలన్నీ కలిపి పెట్టిన బిల్లు ఓడిపోయింది. మరో సెనేటర్ స్టీఫెన్ డగ్లస్ దాన్ని ముక్కలు చేసి ఒక్కోటి గెలిపించాడు. చాలామంది తమ ప్రాంతానికి నచ్చిన ముక్కకే ఓటేశారు. కాబట్టి 'ఇరుపక్షాలూ ఒప్పుకున్నాయి' అని రాసి ఉంటే నమ్మే ముందు ఓట్ల లెక్క అడగండి.

అభ్యాసం: 1854 కాన్సాస్–నెబ్రాస్కా చట్టం. బానిసత్వం ఉండాలా వద్దా అన్నది అక్కడి 'ప్రజలే' తేల్చుకోవాలంది. మూడు గళ్లూ గీసి, ఆ 'ప్రజలు' అన్న మాట ఏ గడిలోకి రాదో గుర్తించండి. 5వ పాఠం అక్కడినుంచే మొదలుపెడదాం.