ఎండాకాలంలో కూర వాడిపోకుండా రాజమండ్రి చేరాలంటే

మాది రావులపాలెం దగ్గర పల్లెటూరు. రెండెకరాల కొబ్బరితోట, గట్టు దాటితే ఎకరం లంక భూమి. 8 ఏళ్ల నుంచి యూరియా, పురుగుమందు లేకుండా కూరలు పండించి, ప్రతి ఆదివారం రాజమండ్రి తీసుకెళ్లి మేమే అమ్ముకుంటున్నాం. కొత్తగా మొదలుపెట్టేవాళ్లు ఫోన్ చేసి ఆవు పేడ, మూత్రంతో చేసే జీవామృతం ఎలా కలపాలని అడుగుతారు. అది పది నిమిషాల్లో చెప్పేయొచ్చు. మే నెల ఎండల్లో 35 కిలోమీటర్లు దాటి, కొనేవాళ్ల చేతిలో పడేసరికి తోటకూర కట్ట ఇంకా తల ఎత్తుకుని ఉండాలి కదా, ఆ సంగతి మాత్రం ఎవరూ అడగరు. మేం డబ్బులు పోగొట్టుకున్నదంతా అక్కడే.

ముందు నీళ్ల లెక్క చూసుకోండి. దాళ్వా, అంటే రెండో పంట వరి, కోతలయ్యేసరికి, ఏప్రిల్లో, ధవళేశ్వరం నుంచి వచ్చే కాలువలు కట్టేస్తారు. మళ్లీ వదిలేది జూన్‌లోనే. ఆ మధ్యకాలమంతా మాకు ఫిల్టర్ పాయింటే (తక్కువ లోతు బోరు) దిక్కు. అంతర్వేది, ఓడలరేవు వైపు సముద్రానికి దగ్గరగా ఉన్నవాళ్లయితే బోరు నీళ్లు పరీక్ష చేయించుకోకుండా విత్తనం చల్లకండి. నీళ్లలో ఉప్పు ఉంటే ఆకుల అంచులు మాడిపోతాయి. సంక్రాంతికి ఎన్ని మడులు ఉంటాయో వేసవికి అందులో సగమే ఉంచండి. మొదటి ఏడాది మేం అన్నీ ఉంచాం. నీళ్లు అన్నిటికీ తలా కాస్త పంచితే ఏ మడికీ కడుపు నిండలేదు, అన్నీ సన్నగా, పీచుగా వచ్చాయి.

వేసవికి తట్టుకునేవి బెండ, గోరుచిక్కుడు, దొండ, దోస, ఆనప, బచ్చలి. తోటకూర ఒక్కసారే చల్లేయకుండా పది రోజులకో మడి చల్లండి. కొత్తిమీర జోలికి పోకండి. మొలిచినా నాలుగు ఆకులేసి పూతకొచ్చేస్తుంది. టమాటాకి ఆ వేడిలో పూత నిలవదు. రాజమండ్రిలో ప్రతి వారం ఎవరో ఒకరు "కొత్తిమీర లేదాండీ?" అంటారు. "జూలై దాకా లేదండి" అంటాను. కొందరు మొహం ముడుచుకుంటారు, కొందరికి మాత్రం ఆ మాటతోనే మా మీద నమ్మకం కుదిరింది.

ఆకుకూర మడులు కొబ్బరిచెట్ల కింద వేస్తే మధ్యాహ్నపు ఎండ సగం తప్పుతుంది. నేల కనపడకుండా వరిగడ్డి పరవండి, గడ్డి చాలకపోతే ఎండు మట్టలు నరికి వేయండి. మొక్క మొదలుకి ఆనించొద్దు, నాలుగు వేళ్లు ఖాళీ వదలండి. లేకపోతే చెద పడుతుంది, కాండం కుళ్లుతుంది. గడ్డి పరిచాక రోజూ పెట్టే తడి రెండు రోజులకోసారి పెడితే సరిపోయింది మాకు.

జీవామృతం సంగతీ చెప్పేస్తాను. 200 లీటర్ల నీళ్ల డ్రమ్ములో 10 కిలోల నాటావు పేడ, 10 లీటర్ల మూత్రం, 2 కిలోల నల్లబెల్లం, 2 కిలోల శనగపిండి, గుప్పెడు గట్టు మట్టి. 48 గంటలు నీడలో పెట్టి, పొద్దునా సాయంత్రం కర్రతో కలపాలి. ఎకరానికి సరిపోతుంది, వారంలోపు వాడెయ్యాలి. డ్రిప్పులో వదిలేవాళ్లు గుడ్డలో రెండుసార్లు వడకట్టండి. మూత మాత్రం బిగించకండి. ఓ వేసవి మేం బిగించాం. రెండోరోజు మా మామగారు వంగి తీయబోతే గ్యాస్‌కి మూత ఎగిరి, సరుకంతా ఆయన తెల్లపంచె మీదకొచ్చింది. ఆ రోజు పెళ్లికి వెళ్లాల్సిన మనిషి. గోనెపట్టా కప్పండి, చాలు.

వేసవిలో బెండకి తెల్లదోమ వస్తుంది, దాంతోపాటు పల్లాకు తెగులు. ఈనెలు పసుపెక్కిన మొక్క కనిపిస్తే జాలి పడకుండా పీకి దూరంగా పారేయండి. దానికి మందు లేదు, ఉంచితే దోమ పక్క మొక్కలకి అంటిస్తుంది. చుట్టూ రెండు వరసలు జొన్న వేసి, మధ్యలో పసుపు జిగురు అట్టలు కడితే చాలావరకు అదుపులో ఉంటుంది. వేపాకుతో చేసే నీమాస్త్రం కొట్టేది సాయంత్రం పూటే.

ఇక కోత. ఆదివారం అమ్మకం అంటే మాకు శుక్రవారం రాత్రే మొదలవుతుంది. ముందు వాట్సాప్‌లో వచ్చిన ఆర్డర్లు రాసుకుంటాను. ఒక అపార్ట్‌మెంట్ వాళ్లు 18 కట్టల తోటకూర, 12 కిలోల బెండకాయలు చెప్పి, తీరా గేటు దగ్గరకు వెళ్లాక ఫోనే ఎత్తలేదు. అప్పటి నుంచి శుక్రవారం సాయంత్రం ఆరింటికల్లా ఫోన్‌పేలో సగం డబ్బులు పడితేనే ఆర్డరు. మొహమాటపడితే మన చేలోదే పోతుంది.

శనివారం సాయంత్రం నాలుగున్నరకి ఆకుకూర మడులకి తడి పెడతాం. మొక్క రాత్రంతా నీళ్లు పీల్చుకుని నిగనిగలాడుతూ ఉంటుంది. దాన్ని తెల్లవారుజామున మూడింటికి తలకి లైటు కట్టుకుని పీకుతాం. కట్ట కట్టాక వేళ్లు మాత్రం బకెట్లో ముంచి తీయండి, ఆకు తడపొద్దు. ఆకు మీద నీళ్లు నిలిస్తే వేడికి కట్ట లోపల ఉడికినట్టయి, విప్పేసరికి జిగురుగా వాసనేస్తుంది. వేళ్లు కిందకి, ఆకులు పైకి వచ్చేలా గంపలో నిలబెట్టి, పైన తడిపి పిండిన గోనెపట్టా కప్పాలి. "పిండిన" అన్న మాట మా ఆయనకి మూడు వేసవులు చెప్పాల్సి వచ్చింది.

బెండకాయలకి అసలు తడి తగలకూడదు. మచ్చలొచ్చి నల్లబడతాయి. రోజు విడిచి రోజు కోయాల్సిందే, ఒక్క కోత తప్పితే ముదిరిపోతాయి. నూగుకి చేతులు దురద పెడతాయి కాబట్టి చేతులకి పాత సాక్సులైనా తొడుక్కోండి. సంతలో తొడిమ కాక కొస విరిచి చూసేవాళ్లు ఉంటారు. విరిచినవన్నీ మనకే మిగులుతాయి. నేను ముందే ఒక కాయ విరిచి పైన పెడతాను, తర్వాత ఇంకెవరూ ముట్టుకోరు. ఆనపకాయకి, దోసకాయకి రెండంగుళాల తొడిమ ఉంచి కోయండి.

శనివారం పొద్దునే కోయాల్సిన దొండ, గోరుచిక్కుడు దాచడానికి మా మకాం పక్కన ఇటుకల గది కట్టుకున్నాం. ఢిల్లీలోని పూసా వ్యవసాయ పరిశోధనా సంస్థ వాళ్లు 1980ల్లో తయారుచేసిన పద్ధతి, కరెంటు అక్కర్లేదు. ఇటుకలతో మోకాలి ఎత్తుకి రెండు గోడలు, మధ్యలో మూడంగుళాల సందు, ఆ సందులో గోదారి ఇసుక. పొద్దునా సాయంత్రం ఇసుకని, గోడల్ని తడపాలి. పైన వెదురు తడిక మీద గడ్డి, ఆపైన తాటాకు నీడ. మాది తేమ ప్రాంతం కాబట్టి ఉక్కపోతగా ఉన్న రోజున చల్లదనం పెద్దగా తెలియదు, పడమటి పొడిగాలి కొట్టిన రోజున చెయ్యి పెడితే బావిలో పెట్టినట్టుంటుంది. అయినా ఏ రోజైనా కాయ ముడత పడదు, మాకు కావలసింది అదే.

మామిడి సంగతి వేరు. మాకు కొత్తపల్లి కొబ్బరి అనే రకం మామిడి చెట్లు రెండు, చిన్నరసాలు నాలుగు ఉన్నాయి. కర్రతో కొట్టకుండా చిక్కంతో దింపండి. తొడిమతో కోసి, నీడలో తొడిమ విరిచి తలకిందులుగా పెడితే జీడి (సొన) కారిపోతుంది. జీడి తొక్క మీద పడితే నల్లటి చార వచ్చి, కాయ ఎంత తియ్యగా ఉన్నా ఎవరూ ముట్టరు. వరిగడ్డిలో ఐదారు రోజులు మాగనివ్వండి. కార్బైడ్‌తో మగ్గబెట్టడం ప్రభుత్వం నిషేధించింది, కానీ సంతలో నిగనిగలాడే పసుపు చూసి అలవాటుపడ్డ కళ్లకి మన పండు తక్కువగా కనిపిస్తుంది, అక్కడక్కడా ఆకుపచ్చ ఉంటుంది కదా. నోటితో వాదించకండి. ఒకటి కోసి ముక్క పెట్టండి.

పండిన మామిడిని, ఆకుకూరని ఒకే మూసిన బండిలో వేయొద్దు. పండు నుంచి వచ్చే గాలికి ఆకు పసుపెక్కుతుంది. ఇది తెలియక ఒకసారి గంపెడు బచ్చలి ఆవుకి వేశాం. మా ట్రాలీ ఆటోలో అడుగున ఆనప, దోస, మధ్యలో ట్రేల్లో కాయకూరలు, వెనక గాలి తగిలే చోట ఆకుకూర గంపలు. మామిడి నా ఒళ్లో, డ్రైవరు పక్కన.

నాలుగుంపావుకి బయలుదేరితే జొన్నాడ బ్రిడ్జి మీద చల్లగాలి తగులుతుంది, కడియపులంక నర్సరీలు దాటేసరికి తూర్పు ఎర్రబడుతుంది. ఐదున్నరకల్లా రాజమండ్రిలో దానవాయిపేట వైపు బల్ల వేసేస్తాం. వాకింగ్‌కి వచ్చే పెద్దవాళ్లవే మొదటి బేరాలు. ఒకాయన రిటైర్డ్ మేష్టారు, ఆయన చేత్తో బోణీ అయితే తొమ్మిదింటికల్లా గంపలు ఖాళీ అని మా చిన్నాడి నమ్మకం. ఎండ బల్ల మీదకి వచ్చేది ఎనిమిదిన్నరకి. ఆకుకూర అంతా ఒకేసారి పరవకుండా పది కట్టల చొప్పున తీస్తూ ఉండండి, మిగతాది గోనె కిందే ఉండాలి. నీళ్లు చల్లుతూ కూర్చుంటే కూర తాజాగా కనిపిస్తుంది గానీ ఇంటికెళ్లాక కుళ్లుతుంది, వచ్చే వారం ఆ మనిషి రాదు.

కాటాకి తూనికలు కొలతల శాఖ వాళ్ల ముద్ర ఏటా వేయించుకోండి. "మందు కొట్టలేదని గ్యారంటీ ఏంటి?" అని అడిగితే కోపం తెచ్చుకోకండి. మేం మా ఊళ్లో మరికొందరు రైతులతో కలిసి పీజీఎస్ గ్రూపు (మందుల్లేని పంటకి రైతులే ఒకరికొకరు హామీ ఉండే పద్ధతి) పెట్టుకున్నాం, దానికి కనీసం ఐదుగురు రైతులు కావాలి. ఒకరి పొలం ఇంకొకరు తనిఖీ చేస్తారు. ఆ కాగితం బల్ల మీద ఉంటుంది. నిజానికి దాన్ని చదివేవాళ్లు తక్కువ, "ఓ ఆదివారం మా పొలానికి రండి, ముంజలు తిని వెళ్దురు గాని" అంటే నమ్మేవాళ్లు ఎక్కువ.

ఏప్రిల్ నెలాఖరు నుంచి మా ఆయన ఆవకాయ కత్తిపీట కూడా బండిలో వేసుకొస్తున్నారు. పుల్లటి పచ్చికాయ కొన్నవాళ్లకి అక్కడే టెంకతో సహా ముక్కలు కొట్టిస్తాం. కత్తిపీట చప్పుడుకి జనం ఆగుతారు, ఆగినవాళ్లు కూరలూ కొంటారు. అపార్ట్‌మెంట్లలో ఉండేవాళ్లకి కాయ కొట్టుకోవడమే పెద్ద టెన్షన్.

తొమ్మిదిన్నరకి ఎంత మిగిలినా సర్దేయాలి. ధర తగ్గిస్తూ కూర్చుంటే పాత కస్టమర్లు వచ్చే వారం నుంచి తొమ్మిదింటి దాకా రారు. అంతకన్నా ఆ ఎండలో వెనక్కి రావడం ప్రమాదం. మా అత్తగారు చల్లన్నం, ఉల్లిపాయ క్యారేజీలో పెట్టి పంపుతారు, బల్ల ఎత్తేముందు అక్కడే తినేస్తాం. ఎండలో పొలం పని కూడా పొద్దున తొమ్మిది దాకా, మళ్లీ సాయంత్రం నాలుగున్నర నుంచే.

మిగిలిన గోరుచిక్కుళ్లు ఉడకబెట్టి ఎండబెడితే ఒరుగులు. మిరపకాయలు మజ్జిగలో. మెత్తబడ్డ రసాలకి మాత్రం తాండ్ర. రసం పిండి, వడకట్టి, బెల్లం కలిపి తాటాకు చాప మీద పలచగా పూత పూయాలి. అది చేతికి అంటకుండా ఆరాకే రెండో పూత. తొందరపడి తడి మీద తడి పోస్తే లోపల పులిసిపోతుంది. రోజుకో పూత చొప్పున రెండు వారాలు పడుతుంది, ఈగలు వాలకుండా పైన పాత దోమతెర కట్టండి. సాయంత్రం పూట మబ్బు పట్టి గాలి తిరిగిందంటే, చేతిలో పని వదిలేసి ముందు చాప లోపల పెట్టండి.