డెమో చూసి డబ్బు కట్టొద్దు: ప్యూరిఫయర్, డైపర్, టిఫిన్ బాక్స్‌కు ఇంటి పరీక్షలు

తిరుపతిలో బోరు నీళ్లు వాడే ఇంటికి ప్యూరిఫయర్ అమ్మేవాళ్లు వస్తే, సంచిలోంచి తరచుగా రెండు జతల కడ్డీలున్న పరికరం తీస్తారు. ఒక గ్లాసులో మీ కుళాయి నీళ్లు, ఇంకో గ్లాసులో వాళ్ల ఆర్వో నీళ్లు, అంటే సన్నని పొర గుండా వడగట్టి లవణాలు తగ్గించినవి. కరెంటు పెట్టిన కాసేపటికే మీ గ్లాసు గోధుమరంగుకు తిరిగి, అడుగున బురద దిగుతుంది. ఇంట్లో చంటిబిడ్డ ఉంటే ఏ తల్లికైనా గుండె జారుతుంది.

ఆ బురద మీ నీళ్లలోది కాదు, కడ్డీలది. వాటిలో ఇనుము ఉంటుంది. నీళ్లలో లవణాలుంటే కరెంటు పారుతుంది, ఇనుము కరిగి తుప్పుగా మారుతుంది. ఆర్వో నీళ్లలో లవణాలు తక్కువ కాబట్టి కరెంటు పెద్దగా పారదు, గ్లాసు తేటగానే ఉంటుంది.

తేల్చుకోవడానికి వాళ్ల ఆర్వో నీళ్లే ఇంకో గ్లాసులో పోయించి, పావు చెంచా వంట ఉప్పు కలిపి అవే కడ్డీలు పెట్టమనండి. ఆ నీళ్లూ రంగు మారతాయి. కరెంటు ఉన్నంతసేపు గ్లాసు ముట్టుకోవద్దు, పిల్లల్ని దగ్గరికి రానివ్వొద్దు.

అలాగని ఆర్వో దండగ కాదు. మీ నీళ్లకు అవసరమా అన్నది టీడీఎస్ (నీళ్లలో కరిగిన లవణాల మొత్తం) కొలిచే పెన్ను లాంటి మీటరుతో చూసుకోవాలి. భారతీయ ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం లీటరుకు 500 మిల్లీగ్రాముల వరకు మంచిది, వేరే దారి లేకపోతే 2000 వరకు అనుమతి. కళ్యాణి డ్యాం, తెలుగుగంగ నుంచి వచ్చే మున్సిపల్ నీళ్లను, బోరు నీళ్లను వేర్వేరుగా కొలవండి. రెండూ ఒకే సంపులో కలిస్తే సంపు నీళ్లు కొలవాలి. ఎండాకాలంలో ఒకసారి, వానల తర్వాత ఒకసారి చూడండి, అంకె మారవచ్చు.

పెన్ను మీద అనుమానముంటే, 5 లీటర్ల ఆర్వో నీళ్లలో తలకొట్టిన ఒక టీస్పూను ఉప్పు, అంటే 5–6 గ్రాములు, పూర్తిగా కరిగించండి. 1000 నుంచి 1200 మధ్య, కాస్త అటూ ఇటుగా చూపాలి. 300 చూపితే ఆ పెన్ను పారేయండి.

ఒకటి మాత్రం మరవొద్దు: టీడీఎస్ పెన్ను క్రిములను చెప్పదు, ఫ్లోరైడ్‌నూ చెప్పదు. ఫ్లోరైడ్ లీటరుకు 1 మిల్లీగ్రాము లోపు ఉండాలి, వేరే దారి లేకపోతే గరిష్ఠంగా 1.5. లోతు బోరు నీళ్లు పిల్లలు తాగే ఇంట్లో ఒక్కసారైనా నీటి ల్యాబ్‌లో ఈ పరీక్ష చేయించాలి. ఆర్వో ఫ్లోరైడ్‌ను తగ్గిస్తుంది, అతినీలలోహిత కాంతితో క్రిముల్ని చంపే ఒట్టి యూవీ మిషను తగ్గించలేదు.

డైపర్ దగ్గర మోసం ఇంకో రకం. ప్రకటనల్లో నీలం నీళ్లు పోసి చూపిస్తారు. లోపలి జెల్ పొడి మంచినీళ్లను ఎంత పీలుస్తుందో, ఉప్పు ఉన్న మూత్రాన్ని అంత పీల్చలేదు. కాబట్టి ఇంట్లో పరీక్ష ఉప్పునీళ్లతోనే చేయండి: అర లీటరు గోరువెచ్చని నీళ్లలో నాలుగున్నర గ్రాముల ఉప్పు. రెండు మూడు బ్రాండ్ల చిన్న ప్యాకెట్లు తెచ్చి, ఒకే సైజు డైపర్లు పరిచి, ఒక్కో దానిలో 60 మిల్లీలీటర్ల చొప్పున పది నిమిషాల తేడాతో మూడుసార్లు పోయండి. చివరిసారి పోసిన ఐదు నిమిషాలకు, ముందే తూచిన టిష్యూ మడత పైన పెట్టి, దాని మీద కిలో కందిపప్పు ప్యాకెట్టు అర నిమిషం ఉంచండి. టిష్యూను మళ్లీ తూచండి. పెరిగిన ప్రతి గ్రామూ బిడ్డ చర్మానికి తగిలే తడి. పరీక్షలో నెగ్గిన డైపరు కూడా తొడ దగ్గర సందు ఉంటే కారుతుంది, బిగిస్తే ఒరుసుకుంటుంది. సైజును నెలల్ని బట్టి కాక బరువును బట్టి ఎంచుకోండి. మన ఎండలకు ఎంత మంచి డైపరైనా మూడు నాలుగు గంటలకు మార్చాల్సిందే.

టిఫిన్ బాక్స్‌ను నీళ్లతో కాక వేడి చారుతో పరీక్షించండి. చారు పల్చన, పైగా వేడిగా మూస్తే ఆవిరి ఒత్తిడికి మూత పైకి లేస్తుంది. ముప్పావు వంతు పోసి, మూసి, స్కూలు సంచిలో పాత పేపరు మీద పక్కకు పడుకోబెట్టండి. అరగంట తర్వాత పేపరు మీద మరక ఎక్కడుందో చూస్తే లోపం ఎక్కడో తెలుస్తుంది. చుట్టూ తడిస్తే రబ్బరు వదులు. ఒకచోటే తడిస్తే ఆ క్లిప్పు పట్టడం లేదు, లేదా కడిగాక రబ్బరును తిరగేసి పెట్టారు.

కారకపోయినా పరీక్ష అయిపోలేదు. చల్లారాక లోపలి గాలి కుంచించుకుపోయి మూత గట్టిగా పట్టేస్తుంది. ఆ చల్లారిన బాక్స్‌ను పిల్లాడికే ఇచ్చి తీయమనండి. వాడు తీయలేకపోతే మధ్యాహ్నం అన్నం తినకుండానే ఇంటికొస్తాడు. అలాంటప్పుడు వేరే బాక్స్ కొనడమే మేలు. ఉన్నదే వాడాలంటే అన్నం పది నిమిషాలు ఆరనిచ్చి మూత పెట్టండి.

బిల్లు, పెట్టె రెండూ ఈ పరీక్షలయ్యేదాకా దాచండి. వస్తువు మీద చెప్పింది ఒకటి, తేలింది ఇంకొకటి అయితే, పరీక్ష ఫొటోలతో ముందు అంగట్లో అడగండి, వాళ్లు వినకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయండి.