కొరాన్ ఏంజెల్ మేత ముట్టకపోతే: నా అనుభవం

నెల్లూరులో మా ఇంటి ఉప్పునీటి ట్యాంకులోకి కొరాన్ ఏంజెల్ అనే సముద్రపు చేప పిల్ల వచ్చి 6 రోజులైనా మేత ముట్టలేదు. ముదురు నీలం ఒంటి మీద తెల్లటి వంపు గీతలు, అంత అందం రాళ్ల సందులోనే నక్కింది. మేత గుళికలు, ఫ్రోజెన్ రొయ్య, వెల్లుల్లి రసం అన్నీ దండగే.

పనిచేసింది ఆల్చిప్ప. తాజావి తెచ్చి, కడిగి, రెండు రోజులు ఫ్రీజర్లో పెట్టా. ఒకటి కరిగించి, చాకుతో విప్పి, మాంసం ఉన్న సగాన్ని అది దాక్కునే రాయి పక్కనే ఇరికించా. లైటు ఆపి, కుర్చీ దూరంగా జరుపుకున్నా. ఇరవై నిమిషాలకి మూతి బయటికొచ్చింది. ఒక్క పోటు, వెనక్కి, మళ్లీ పోటు! రెండు గంటలకి మిగిలింది తీసేశా, లేకపోతే నీళ్లు పాడవుతాయి. ఆల్చిప్ప మొదలెట్టిన నాలుగో రోజు నుంచి అదే ఖాళీ చిప్పలో నోరి నాచు ముక్క నొక్కి పెట్టా. ఇప్పుడు గుళికలూ తింటోంది.

నాది ఒక్క చేపే. జబ్బుపడిన దానికి ఇది పనిచేస్తుందని చెప్పలేను. ఈసారి మాత్రం షాపులోనే మేత వేయించి చూశాకే కొంటా.