ముసలి చైన్ బండి సేవ – 7వ పాఠం: పాలలా తిరిగొచ్చిన ఆయిల్

ఈసారి విడిభాగాలు వెతకడం గురించి రాద్దామనుకున్నాను. మీరు రాయనిచ్చేలా లేరు. ఆరో పాఠంలో చైన్ బండికి, అదే మట్టి తవ్వే పొక్లెయిన్‌కి, ఫైనల్ డ్రైవ్ (చైన్‌ని తిప్పే గేర్ బాక్స్) ఆయిల్ మార్చడం చెప్పాక, చేసి చూసినవాళ్ళు చాలామంది ఒకటే మాటతో వచ్చారు. ఉండి ఊరి దగ్గర చేపల చెరువులు తవ్వే ఒకాయన అయితే ఏకంగా సీసా పట్టుకొచ్చాడు. "మాస్టారూ, మీరు చెప్పినట్టే మార్చేనండి. పది రోజులకి ప్లగ్ విప్పితే మళ్ళీ పాలేనండి. కొత్త ఆయిల్ డబ్బులు దండగండి."

దండగే. అందులో సగం తప్పు నాది. ఆయిల్ మార్చడం చెప్పాను గానీ, కారిన ఆయిల్ ఏం చెబుతోందో చూడమని చెప్పలేదు.

ముందు చిన్న లెక్క సరిచేస్తాను. "డ్రెయిన్ ప్లగ్ కిందికి తెచ్చుకోండి" అని రాసి వదిలేశాను, అది అందరికీ తెలుసనుకుని. కొందరు ప్లగ్ ఎక్కడుంటే అక్కడే విప్పి, కారినంత కార్చి, పైన నింపేశారు. సగం పాత ఆయిల్ లోపలే ఉండిపోయింది. ప్లగ్‌లున్న కవర్ స్ప్రాకెట్‌తో, అంటే చైన్‌ని లాగే పళ్ళ చక్రంతో, పాటే తిరుగుతుంది కదా. బండిని అంగుళం అంగుళం కదిలించి ఒక ప్లగ్ సరిగ్గా అడుక్కి వచ్చేలా ఆపాలి. అప్పుడు లెవెల్ ప్లగ్ నడిమికి వస్తుంది. నింపేటప్పుడు ఆ నడిమి కన్నంలోంచి ఆయిల్ బయటికి తొణికితే చాలు. ఇరవై టన్నుల బండికి ఒక్కో పక్క నాలుగైదు లీటర్లు పడుతుంది. అంతకంటే చాలా ఎక్కువ పట్టిందంటే ప్లగ్ చోటు తప్పిందన్నమాట. విప్పేటప్పుడు పై ప్లగ్ ముందు వదులు చేయండి, మొహం ఎదురుగా పెట్టకండి. వేడి మీద లోపల ఒత్తిడి ఉంటుంది.

ఇంకో మాట. "గేర్ బాక్సే కదా" అని అందరూ 90 నంబర్ గేర్ ఆయిల్ పోసేశారు. కొన్ని కంపెనీలు అక్కడ గేర్ ఆయిలే అడుగుతాయి, కొన్ని మాత్రం 30 నంబర్ ఇంజిన్ ఆయిల్ అడుగుతాయి. మాన్యువల్ చూడండి, పక్క బండి డ్రైవర్‌ని అడక్కండి.

ఇక పాల సంగతి.

ఫైనల్ డ్రైవ్‌లో ఆయిల్ లెవెల్ తనంతట తాను పెరిగిందంటే లోపలికి ఏదో వస్తోందని. వచ్చేవి రెండే. బయటి నుంచి నీళ్ళు, లేదా ట్రావెల్ మోటారు (బండిని నడిపే హైడ్రాలిక్ మోటారు) షాఫ్ట్ సీలు పోయి హైడ్రాలిక్ ఆయిల్. నీళ్ళయితే తెల్లగా, చిక్కగా, మజ్జిగలా ఉంటుంది. హైడ్రాలిక్ అయితే తేటగా, పల్చగా ఉంటుంది, ప్లగ్ విప్పగానే పొంగుతుంది. అనుమానంగా ఉంటే ఇనప గరిటె బాగా కాల్చి ఒక్క చుక్క వేయండి. చిటపటలాడితే నీళ్ళు. కళ్ళకి అడ్డం పెట్టుకోండి. ఈ గరిటె పరీక్షకి అర్ధరూపాయి ఖర్చు లేదు, అయినా ఎవరూ చేయరు.

మన డెల్టాలో దాదాపు ఎప్పుడూ నీళ్ళే. ఏప్రిల్, మే నెలల్లో కాలువలు కట్టేసినప్పుడు బండి పూడిక తీస్తుంది, మిగతా కాలమంతా చెరువుల్లో మోకాలి లోతు బురదలో ఉంటుంది. పైగా చెరువు అడుగున పాత వలల నైలాన్ దారం. అది స్ప్రాకెట్ వెనక సందులో చుట్టుకుని, చుట్టుకుని, చివరికి సీలు దాకా పోతుంది. ఆకివీడు వైపు ఒక బండి విప్పితే గుప్పెడు దారం వచ్చింది. తీరంలో రొయ్యల చెరువుల ఉప్పునీళ్ళయితే ఇంకా మోసం. సీలు ముఖం మీద తుప్పు గుంటలు పడతాయి. అక్కడ పని చేసిన రోజు సాయంత్రమే మంచినీళ్ళతో కడగాలి.

స్ప్రాకెట్ వెనక, నీళ్ళు లోపలికి పోకుండా ఆపే ఆ సీలుని ఫ్లోటింగ్ సీల్ అంటారు. రెండు ఇనప రింగులు, రెండు రబ్బరు రింగులు. ఒక జత కదలని మోటారు బాడీలో, ఇంకో జత తిరిగే హబ్‌లో. ఇనప ముఖాలు రెండూ ఒకదానికొకటి ఆనుకుని, తిరగలి రాళ్ళలా రాసుకుంటూ తిరుగుతాయి. రబ్బరుకి రెండు పనులు. ఇనప రింగుని తన గూట్లో జారకుండా పట్టుకోవడం, దాన్ని ఎదుటి ముఖం మీదకి నొక్కడం.

ఇప్పుడు నాకు ఒళ్ళు మండే విషయానికి వస్తున్నాను. రబ్బరుకి గ్రీజు రాయడం!

ప్రతి షెడ్డులోనూ ఇదే. "గ్రీజు రాస్తే తేలిగ్గా దిగిపోద్దండి" అంటారు. దిగుతుంది, నిజమే. దిగినంత తేలిగ్గానే జారుతుంది కూడా. రబ్బరు జారితే ఇనప రింగు గూట్లోనే తిరగడం మొదలెడుతుంది, లేకపోతే ఒక పక్కకి ఒరుగుతుంది. తిరగలి కింద రాయి కదిలిపోతుంటే పిండి ఎలా వస్తుందో మీరే చెప్పండి. ముఖాల మధ్య సన్నని సందు పడుతుంది. అందులోంచి ముందు నీళ్ళు వెళ్తాయి, తర్వాత ఒండ్రు వెళ్తుంది. ఒండ్రు వెళ్ళాక అది సీలు కాదు, ఆకురాయి. పది రోజుల్లో పాలు రావడానికి కారణం తొంభై పాళ్ళు ఇదేనని నా నమ్మకం. కొత్త సీలు వేశాకా పాలొచ్చిన ముగ్గురినీ అడిగాను, ముగ్గురూ గ్రీజు రాశారు.

రబ్బరు పొడిగా ఉండాలి. గూడూ పొడిగా ఉండాలి. ఎగిరిపోయే స్పిరిట్‌తో తుడిచి ఆరనివ్వాలి. పెట్రోలు, డీజిలు వద్దు, రబ్బరు ఉబ్బుతుంది. బనియన్ వేస్ట్ వద్దు, నూలు పోగులు అంటుకుంటాయి. నేనైతే ఉతికిన పాత నూలు చీర ముక్క వాడతాను. ఇనప ముఖాలకి మాత్రం, అదీ మెరిసే భాగానికి మాత్రమే, శుభ్రమైన ఆయిల్ పల్చగా వేలితో రాయాలి. ఆయిల్ రబ్బరు దాకా జారకూడదు. స్క్రూడ్రైవర్‌తో పొడిచి దింపకండి. రింగు సైజుకి పీవీసీ పైపు ముక్క కోసి, చుట్టూ ఒకేసారి నొక్కండి. దిగాక రబ్బరు మెలిక తిరగలేదని చూసి, గూటి అంచు నుంచి ముఖం దాకా ఎత్తు నాలుగు చోట్ల కొలవండి. ఒక మిల్లీమీటరు తేడా వచ్చినా బయటికి తీసి మళ్ళీ మొదలు. పాత రింగుకి కొత్త రింగుని జత కట్టకండి, పెళ్ళి కుదరదు.

హబ్ విప్పడం, చైన్ తెంచడం మీకు తెలిసిందే, రాయను. బరువు పని, ఒక్కరే చేయొద్దు.

పాత సీలు పారేసేముందు దాని ముఖం చూడండి. కొత్తప్పుడు మెరిసే గీత బయటి అంచు దగ్గర సన్నగా ఉంటుంది. అరిగేకొద్దీ లోపలి అంచు వైపు జరుగుతుంది. లోపలి అంచు తాకిందంటే వయసైపోయి పోయింది. గీత ఇంకా బయటే ఉండి నీళ్ళొచ్చాయంటే, అమర్చినవాడిదే తప్పు.

సరే, విడిభాగాలు. పొక్లెయిన్ అనేది ఒక ఫ్రాన్సు కంపెనీ పేరు. మన దగ్గర చైన్ మీద తిరిగి మట్టి తవ్వే ప్రతిదానికీ అదే పేరైపోయింది. విజయవాడ ఆటోనగర్‌లో కౌంటర్ ముందు నిలబడి "పొక్లెయిన్ సీలు" అంటే ఏదో ఒకటి ఇస్తారు, మీరు తెచ్చుకుంటారు. బండి మోడల్ చెప్పినా చాలదు. కొమాట్సు పీసీ200-6 బండ్లలోనే కొన్నిటికి 95 సిరీస్ ఇంజిన్, కొన్నిటికి 102 సిరీస్. ఆ 102 కమిన్స్ 5.9 లీటర్ల ఇంజిన్‌కి తోబుట్టువు, ఆ పేరుతో వెతికితే సామాను సులువుగా దొరుకుతుంది. అది తెలియక ఒకాయన రెండుసార్లు తప్పు గ్యాస్కెట్ తెచ్చుకున్నాడు. కాబట్టి ఇంజిన్ ప్లేటు వేరే, ట్రావెల్ మోటారు ప్లేటు వేరే ఫోటో తీయండి. మూడు చేతులు మారిన బండిలో ఫైనల్ డ్రైవ్ ఇంకో బండిది అయి ఉండొచ్చు.

ప్లేటు చెరిగిపోతే ఇనప రింగు బయటి వ్యాసం, లోపలి వ్యాసం, రెండూ జతగా పెట్టినప్పటి ఎత్తు కొలుచుకోండి. రబ్బరు గుండ్రమా, వజ్రం ఆకారమా కూడా రాసుకోండి. మామూలు ఓ-రింగులైతే పాత రబ్బరుని కొలవకండి, అది ఉబ్బి ఉంటుంది. గాడిని కొలవండి. జపాన్ బండ్లలో 3.1 మిల్లీమీటర్ల మందం జీ రకం ఉంటుంది, 3.5 మందం పీ రకం ఉంటుంది. చేత్తో పట్టుకుంటే రెండూ ఒకటే. జీ గాడిలో పీ ఇరికిస్తే బోల్టు బిగించేటప్పుడే తెగుతుంది. నేను డబ్బాలో రెంటికీ మధ్య అట్టముక్క పెట్టుకుంటాను.

అభ్యాసం: మీ బండి రెండు ఫైనల్ డ్రైవ్‌లు, స్వింగ్ గేర్ బాక్స్ (బండి పై భాగాన్ని తిప్పేది), హైడ్రాలిక్ ట్యాంక్ నుంచి ఒక్కో సీసా ఆయిల్ తీసి, రాత్రంతా కదపకుండా ఉంచి, తెల్లారి గరిటె పరీక్ష చేయండి. నాలుగూ. డ్రెయిన్ ప్లగ్‌కి ఉన్న అయస్కాంతం మీద బురదలాంటి బూడిద అంటితే పర్లేదు, గోటికి తగిలే రేకు ముక్కలుంటే బండి ఆపి నాకు చెప్పండి. స్వింగ్ గేర్ బాక్స్ ఆయిల్ కూడా తెల్లగా వస్తే పైన చెప్పిందేదీ పనికిరాదు. దాని దారి వేరు, ఎనిమిదో పాఠం దాకా దాన్ని విప్పకండి.