సూపర్‌హీరో కథకు మనసు నిండే ముగింపు రాయడం ఎలా

సూపర్‌హీరో కథ రాసేవారిలో చాలామంది ముగింపును ఫైటుతో మొదలుపెడతారు. విలన్ ఎక్కడ పడాలి, ఏ భవనం కూలాలి, గ్రాఫిక్స్‌కు ఎంత ఖర్చవుతుంది అన్న లెక్కలు తేలాక, మిగిలిన రెండు నిమిషాల్లో హీరో తల్లిని కౌగిలించుకుంటే సరిపోతుందనుకుంటారు. చెన్నైలోని సాలిగ్రామంలో తెలుగు రచయితలం కొందరం ఆదివారాలు కూర్చుని ఒకరి స్క్రిప్టు ఒకరం చదువుకుంటాం. అక్కడ నేను పదే పదే చెప్పే మాట ఒక్కటే. విలన్ ఓడితే కథలోని గొడవ తీరుతుంది, అంతే. ప్రేక్షకుడి మనసు నిండాలంటే, తన శక్తి అక్కరకు రాని చోట హీరో ఒక నిర్ణయం తీసుకోవాలి, దానికి మూల్యం చెల్లించాలి.

కాబట్టి చివరి సీను రాసే ముందు మొదటి పది పేజీలు తీసి చదవండి. శక్తి రాకముందు ఈ మనిషికి తగిలిన దెబ్బ ఏమిటో ఒక్క వాక్యంలో రాసుకోండి. ఆ వాక్యం రాకపోతే లోపం ముగింపులో లేదు, మొదట్లోనే ఉంది. నాట్యశాస్త్రం కథను ఐదు సంధులుగా విభజించి, మొదటిదైన ముఖసంధిలో నాటిన బీజం చివరిదైన నిర్వహణ సంధిలో ఫలించాలని చెబుతుంది. కావ్యం గోపుచ్ఛంలా, అంటే ఆవు తోకలా, ఉండాలనీ, ఉదాత్తమైన భావాలను చివరికి ఉంచాలనీ, నిర్వహణలో అద్భుత రసం తప్పనిసరి అనీ కూడా చెబుతుంది. ఆ అద్భుతాన్ని గ్రాఫిక్స్‌లో వెతకకండి. ఎప్పుడో గంటన్నర కిందట చూసి మరిచిపోయిన చిన్న విషయం కొత్త అర్థంతో కళ్ళ ముందు నిలిచినప్పుడు కలిగే విస్మయమే అది అని నేను నమ్ముతాను.

మా బృందంలోని ఒక కుర్రాడి స్క్రిప్టును, అతని అనుమతితో, ఇక్కడ కాస్త దగ్గరగా చూపిస్తాను. కథానాయకుడు నెల్లూరు నుంచి వచ్చి కోయంబేడు మార్కెట్లో మూటలు మోసే యువకుడు. 2015 డిసెంబరు వరదల్లో, అడయారు ఒడ్డున సైదాపేటలో, తమ్ముడి చెయ్యి అతని చేతిలోంచి జారిపోతుంది. తరువాత అతనికి వచ్చే శక్తి కూడా చేతులకు సంబంధించినదే: పట్టుకున్నది ఏదైనా ఇక అతని పట్టు తప్పదు. దెబ్బకూ శక్తికీ ఇంత దగ్గరి సంబంధం కుదిరినా, మొదటి ప్రతిలో క్లైమాక్స్ హార్బరులో క్రేను మీద జరిగేది. విలన్‌ను ఎత్తి సముద్రంలోకి విసిరేస్తాడు, జనం చప్పట్లు కొడతారు, శుభం కార్డు పడుతుంది. చదివినవారిలో ఒక్కరూ చలించలేదు. ఎవరినైనా విసిరేయడానికి ఈ హీరోయే అక్కర్లేదు, మరే హీరో అయినా చేయగలడు.

చర్చించగా తేలిందేమిటంటే, తమ్ముణ్ణి పోగొట్టుకున్న ఈ మనిషి చెల్లెలికి ఊపిరాడనివ్వడం లేదు. కాలేజీకి తోడు వెళతాడు, విజయవాడలో ఉద్యోగం వస్తే వద్దంటాడు, ఇంటర్వెల్ దగ్గర ఆమె మణికట్టు కమిలిపోయేలా పట్టుకుంటాడు. కొత్త ప్రతిలో క్లైమాక్స్ మళ్ళీ నీళ్ళ దగ్గరికి వచ్చింది. తెగబోతున్న వంతెన తీగను అతను రెండు చేతులా పట్టుకుని నిలబడితేనే దాని మీది జనం అవతలికి దాటగలరు. అదే సమయంలో చెల్లెలు వరదలో ఈదుతోంది. ఆమె కోసం తీగ వదిలితే వంతెన కూలుతుంది. అతను వదలడు. ఆమె తనంతట తానే ఒడ్డు చేరుతుంది. తీగ కోసుకుపోయి అతని కుడిచేతిలో పట్టు శాశ్వతంగా పోతుంది.

చివరి సీను సెంట్రల్ స్టేషన్లో. చెల్లెలు విజయవాడ వెళ్ళే పినాకిని ఎక్స్‌ప్రెస్‌లో కిటికీ పక్కన కూర్చుంది, అతను ప్లాట్‌ఫాం మీద నిలబడి ఎడమచేత్తో కిటికీ కమ్మీ పట్టుకున్నాడు. "వదులన్నా, బండి కదిలింది" అంటుందామె. అతను బండితోపాటు నాలుగడుగులు నడిచి, ఒక్కొక్క వేలూ తీస్తాడు.

మొదట్లో ప్రమాదంగా జరిగిన పని చివర్లో ఇష్టపూర్వకంగా జరగడమే ఇక్కడి కిటుకు. మీ కథలోనూ అలాంటి ఒక చేష్టను వెతకండి; మాట కంటే చేష్ట మేలు. దాన్ని మొదట ఒకసారి, ఇంటర్వెల్ ప్రాంతంలో ఒకసారి, చివర ఒకసారి చూపండి. మధ్యలో గుర్తుచేయకపోతే చివర అది కాకతాళీయంగా కనిపిస్తుంది.

ఇక మూల్యం సంగతి. అది తిరిగి రానిదై ఉండాలి. 2008 నాటి ఐరన్ మ్యాన్ చివర్లో విలేకరుల ముందు హీరో గర్వంగా ప్రకటించుకున్న పేరునే, 2019లో అవెంజర్స్: ఎండ్‌గేమ్‌లో ప్రాణం మీదికి తెచ్చుకుంటూ మళ్ళీ పలికాడు; పదకొండేళ్ళ కిందటి ఆ గర్వం తెలిసినవారికి ఆ క్షణం గొంతులో అడ్డుపడింది. 1978 నాటి సూపర్‌మ్యాన్ అంటే నాకెంతో ప్రేమ, తాను ప్రేమించిన లోయిస్ మృతదేహం పక్కన అతను అరిచిన అరుపు ఇప్పటికీ కదిలిస్తుంది. అందుకే, కాలాన్ని వెనక్కి తిప్పి ఆ దుఃఖాన్నే రద్దు చేసేయడం నన్ను బాధపెడుతుంది. అలాగని ప్రతి హీరోనూ చంపనక్కర్లేదు. మూటలు మోసేవాడికి కుడిచేతి పట్టు పోవడం చిన్న నష్టం కాదు.

ఫైటు ముగిశాక మూడు నాలుగు నిమిషాలైనా వదలండి. నేపథ్య సంగీతం చేర్చే రీరికార్డింగ్‌లో ఆ చోటును వాయిద్యాలతో నింపాలన్న తొందర అందరికీ ఉంటుంది, గట్టిగా ఆపండి. హీరో చేసినదాన్ని గుర్తించిన మనిషి ఒక్కరు కనిపిస్తే చాలు, ఉపన్యాసం వద్దు: 2017 నాటి లోగన్‌లో హీరో సమాధి మీది శిలువను, అతను కాపాడిన పాప పక్కకు వంచి ఎక్స్ ఆకారం చేయడం ఎన్ని పేజీల డైలాగుకైనా సమానం. సినిమా విడుదలయ్యాక హాల్లో చివరి వరుసలో కూర్చుని, సెల్‌ఫోన్ల వెలుగులు ఎప్పుడు మొదలవుతాయో చూడండి. ప్రేక్షకుల వరకు మీ సినిమా అక్కడే ముగిసింది. తరువాతి భాగానికి ఊరింపు సీను కావాలంటే, పేర్లు పడిన తరువాత పెట్టుకోండి.

చివరిగా ఒక పరీక్ష. ఫైటు ఊసెత్తకుండా మొదటి సీను, చివరి సీను మాత్రమే ఎవరికైనా చెప్పి, వారు అడిగే ప్రశ్న వినండి. విలన్ ఏమయ్యాడని అడిగితే పని మిగిలే ఉంది. మా కుర్రాడు స్టేషన్ సీను చెప్పినప్పుడు, పూర్వం ప్రొడక్షన్ మేనేజరుగా పనిచేసిన పెద్దాయన ఒకరు కాసేపు ఆగి, "మరి రేపు మూటెలా ఎత్తుతాడయ్యా?" అని అడిగారు. ఆ రాత్రే అతను మరో అర పేజీ రాశాడు. తెల్లవారుజామున కోయంబేడులో ఉల్లిపాయల మూట ముందు హీరో నిలబడి ఉంటాడు, ఎడమచేత్తో ఒక కొన పట్టుకుంటాడు. ఇంతవరకూ కథలో లేని మరో కూలీ వచ్చి, ఏమీ అడగకుండా, అవతలి కొన ఎత్తుతాడు.