డబ్ల్యూపీఏ3 పెట్టినా స్కాన్‌లో డబ్ల్యూపీఏ2 అనే వచ్చింది

రౌటర్‌లో వైఫై భద్రతా పద్ధతిగా, పాత డబ్ల్యూపీఏ2 లేకుండా, కొత్త డబ్ల్యూపీఏ3 మాత్రమే ఉంచి సేవ్ చేశాను. లైనక్స్ ల్యాప్‌టాప్‌లో అలవాటు కొద్దీ ఐడబ్ల్యూలిస్ట్ అనే, వైఫై వివరాలు చూపే టూల్‌తో స్కాన్ చేస్తే 'ఐఈఈఈ 802.11ఐ/డబ్ల్యూపీఏ2 వెర్షన్ 1' అంది. సెట్టింగ్ పడలేదేమోనని రౌటర్‌ని మూడుసార్లు రీస్టార్ట్ చేశా. ఫోన్‌లో సీరియల్ చూస్తున్న అమ్మ తిట్లు అదనం.

నాలుగోసారి కింది లైన్లు కూడా చదివాను. ఆథెంటికేషన్ సూట్స్ (పాస్‌వర్డ్‌ని ఏ పద్ధతిలో సరిచూస్తుందో చెప్పే లైన్) దగ్గర 'అన్‌నోన్ (8)', అంటే తెలియని కోడ్ 8, అని ఉంది. గుట్టంతా అక్కడే. రౌటర్ తన గురించి చెప్పుకుంటూ పదేపదే పంపే సంకేతం, అదే బీకన్‌లో, భద్రతా వివరాలుండే ఆర్‌ఎస్‌ఎన్ అనే భాగం ఉంటుంది. డబ్ల్యూపీఏ2కీ, 3కీ అదే భాగం, వెర్షన్ నంబరు కూడా 1నే. తేడా లోపలి కోడ్‌లో ఉంటుంది: 2 అంటే డబ్ల్యూపీఏ2లోని మామూలు పాస్‌వర్డ్ పద్ధతి పీఎస్‌కే, 8 అంటే డబ్ల్యూపీఏ3 వాడే కొత్త పద్ధతి ఎస్‌ఏఈ. డబ్ల్యూపీఏ3 వచ్చిందే 2018లో. ఈ టూల్ అంతకంటే చాలా పాతది, 8 సంగతి దానికేం తెలుసు పాపం!

'ఐడబ్ల్యూ' కమాండ్‌తో స్కాన్ చేస్తే ఎస్‌ఏఈ అని శుభ్రంగా వచ్చింది, కిందే 'ఎంఎఫ్‌పీ రిక్వైర్డ్' (కనెక్షన్‌ని నడిపే సందేశాలకు రక్షణ ఉండాల్సిందే అని) కూడా. డబ్ల్యూపీఏ3 మాత్రమే ఉంచితే అది తప్పనిసరి కాబట్టి టెన్షన్ పోయింది. మరీ పాత టూల్స్ అయితే ఆర్‌ఎస్‌ఎన్ జోలికే పోవు, ఎన్‌క్రిప్షన్ ఉందని మాత్రమే చెప్పే ప్రైవసీ బిట్ ఒక్కటి చూసి, డబ్ల్యూపీఏ కంటే పాత పద్ధతి డబ్ల్యూఈపీ అనేస్తాయి. నా స్క్రిప్టులో ఐడబ్ల్యూలిస్ట్ లైన్ ఆ రాత్రే తీసేశా.